కడలికావల కన్నవారు

పాఠ్యభాగ ఉద్దేశం

మహమ్మారి కాలంలో దేశాల సరిహద్దులు మూతబడినప్పుడు, కన్నవారిని చేరవలసిన పిల్లలకు ఎదురైన చిక్కులను తెలియజేయడం. ప్రభుత్వ ఉత్తర్వులలోని ఒక్కొక్క మాట కుటుంబాల జీవితాన్ని ఏ విధంగా నిర్ణయిస్తుందో విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

కోవిడ్-19 వ్యాధి ప్రబలిన 2020, 2021 సంవత్సరాలలో ప్రపంచ దేశాలు ప్రయాణాలపై కఠినమైన ఆంక్షలు విధించాయి. విదేశాలకు వలస వెళ్లినవారు అధికంగా ఉన్న గుంటూరు, ప్రకాశం ప్రాంతాలపై ఆ ఆంక్షల ప్రభావం పడింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఇక్కడ పల్నాడు, బాపట్ల జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. ఈ పాఠంలో గుంటూరు, ప్రకాశం అనే పేర్లు అంతకు ముందరి ఉమ్మడి జిల్లాలను సూచిస్తాయి.

పాఠ్యభాగం

కృష్ణానది దక్షిణ తీరం నుంచి గుండ్లకమ్మ పరీవాహక ప్రాంతం దాకా పరచుకొన్న నల్లరేగడి నేల పత్తికీ, మిరపకూ పెట్టింది పేరు. ఆ నేలలో పండిన పంట పిల్లల చదువైంది. చదువు ఉద్యోగమైంది. ఉద్యోగం దేశాంతర వాసమైంది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలిన రైతుల బిడ్డలు అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశాలలో స్థిరపడ్డారు. నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు పరిసరాలలోని పల్లెలలో, కన్నబిడ్డలు కడలికావల ఉండగా ఇంటికి కాపలాగా మిగిలిన వృద్ధులు కనిపిస్తూనే ఉంటారు.

ఈ వలసలో ఒక విశేషమున్నది. అన్ని వేళలా కుటుంబమంతా ఒక్కసారే దేశం దాటదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైన ఇళ్లలో పసిబిడ్డను ఏడాదో, రెండేళ్లో అమ్మమ్మ వద్దనో నాయనమ్మ వద్దనో ఉంచడం వాడుకలోకి వచ్చింది. పరదేశంలో శిశు సంరక్షణకయ్యే ఖర్చు ఒక కారణం. బిడ్డకు తెలుగు పలుకు, ఇంటి తిండి, బంధువుల ఒడి దొరకాలన్న కోరిక మరొక కారణం. వీసా ఇంకా రానందువల్ల ఇక్కడే ఆగిన పిల్లలు మరికొందరు. తాత్కాలికమని అందరూ అనుకొన్న ఈ ఏర్పాటు విమానం ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుందన్న నమ్మకం మీద నిలిచింది. 2020 మార్చిలో ఆ నమ్మకం కూలిపోయింది.

ఆ నెల 11వ తేదీన భారత ప్రభుత్వం కొన్ని తరగతులు మినహా విదేశీయుల వీసాలన్నింటినీ నిలిపివేసింది. మార్చి 20న అమెరికా రాయబార కార్యాలయాలు ప్రపంచమంతటా సాధారణ వీసా సేవలను ఆపివేశాయి. అదే రోజున ఆస్ట్రేలియా తన సరిహద్దును మూసింది. మార్చి 22 నుంచి భారతదేశానికి అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలు రాలేదు. 25వ తేదీ నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. పదిహేను రోజులలో ప్రపంచం నాలుగు దిక్కులా తలుపులు వేసుకొన్నది.

పల్లెలలో అది మిరప పంట కల్లాల్లో ఎండుతున్న కాలం. మిర్చి యార్డు మూతబడింది. సరుకు శీతల గిడ్డంగులకు చేరింది. గిడ్డంగిలో చోటు దొరకనివారు కల్లంలోనే కాపలా కాశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సరిహద్దులోని గరికపాడు, పొందుగల చెక్‌పోస్టుల వద్ద హైదరాబాదు నుంచి సొంత ఊళ్లకు బయలుదేరిన వందలాది మంది ఆగిపోయారు. విదేశం మాట అటుంచి, పక్క రాష్ట్రానికి పోవాలన్నా పాసు కావలసి వచ్చింది. గుంటూరు ప్రాంతపు ప్రయాణికులకు అంతర్జాతీయ విమానాశ్రయం ప్రధానంగా హైదరాబాదులోని శంషాబాదే. కాబట్టి బిడ్డను కన్నవారి దగ్గరకు పంపాలనుకొన్న తాతకు తొలి సరిహద్దు సముద్రం కాదు, తన జిల్లా పొలిమేరలోని చెక్‌పోస్టు.

అప్పటి ఉత్తర్వులను వరుసగా పరిశీలిస్తే ఒక సామాన్య లక్షణం కనబడుతుంది. తొలి ఉత్తర్వులో పిల్లవాడి ప్రస్తావన ఉండదు. కుటుంబాలు మొరపెట్టుకొన్న తరువాత వచ్చే సవరణలో అతడు కనిపిస్తాడు. ఆ రెంటి నడుమ గడిచిన కాలమే పసివాళ్ల ఎడబాటు.

మన దేశం సంగతే మొదట చూద్దాం. వీసాల రద్దుతో పాటు విదేశీ భారతీయ పౌరసత్వ కార్డు, అనగా ఓసీఐ కార్డు గలవారు వీసా లేకుండా వచ్చే సదుపాయమూ ఆగిపోయింది. విదేశాలలో చిక్కుకొన్న భారతీయులను తీసుకొనిరావడానికి 2020 మే 7న ‘వందే భారత్ మిషన్’ విమానాలు మొదలైనాయి. అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉన్నవారు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులలో మరొక ఉపాధి చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. అట్టి తల్లిదండ్రులు భారత పౌరులు గనుక విమానమెక్కవచ్చు. అమెరికాలో పుట్టిన వారి బిడ్డ మాత్రం అమెరికా పౌరుడు గనుక ఎక్కరాదు. తల్లి ఒడిలోని బిడ్డ తల్లికి పరదేశీయుడైనాడు. ఈ వైపరీత్యంపై ఫిర్యాదులు వచ్చిన పిదప, మే 22న ప్రభుత్వం నిబంధనలు సడలించి, భారత పౌరులకు విదేశాలలో జన్మించి ఓసీఐ కార్డు కలిగిన మైనర్లను అనుమతించింది. ఆ కార్డు ఇంకా చేతికి రాని బిడ్డలకు ఈ సడలింపు అక్కరకు రాలేదు.

అమెరికాలోనూ ఇదే క్రమం. 2020 ఏప్రిల్ 22న నాటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కొత్త వలస వీసాలపై శాశ్వత నివాసార్థుల ప్రవేశాన్ని నిలిపివేస్తూ ప్రకటన వెలువరించాడు. పౌరుల భార్యాభర్తలకు, 21 ఏళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఇచ్చాడు. గ్రీన్ కార్డు గల శాశ్వత నివాసుల పిల్లలకు ఆ మినహాయింపు లభించలేదు. తండ్రి చేతిలోని కాగితం రంగును బట్టి బిడ్డ ప్రయాణం నిర్ణయమైంది. జూన్ 22న వెలువడిన మరొక ప్రకటన హెచ్-1బి తరగతి ఉద్యోగులతో పాటు వారిని అనుసరించే కుటుంబ సభ్యులనూ ఆపింది. ఉద్యోగి అప్పటికే అమెరికాలో ఉంటే, అతని భార్యాబిడ్డలకు వీసా ఇవ్వవచ్చునన్న వివరణ జూలైలో గాని రాలేదు. మొదటి ప్రకటనను అధ్యక్షుడు జో బైడెన్ 2021 ఫిబ్రవరి 24న రద్దు చేశాడు. రెండవది మార్చి 31న కాలం తీరి ముగిసింది.

ఇక్కడ వయస్సు మరొక గండం. అమెరికా వలస చట్టం దృష్టిలో ‘బిడ్డ’ అనగా 21 ఏళ్లు నిండని అవివాహితుడు లేదా అవివాహిత. ఆ వయస్సు దాటితే శాశ్వత నివాసి బిడ్డ వేరొక వరుసలో, ఇంకా పొడవైన వరుసలో నిలబడవలసి వస్తుంది. కార్యాలయాల జాప్యం బిడ్డల అర్హతను హరించకుండా 2002లో అక్కడ ఒక ప్రత్యేక చట్టం చేశారు. అయినా అది అందరినీ కాపాడేది కాదు. ఇంటర్మీడియట్ ముగించి, డిగ్రీలో చేరి, వీసా పిలుపు కోసం ఎదురుచూసే యువతకు మూసిన కార్యాలయపు ఒక్కొక్క నెల వయస్సులో కలిసిపోయింది.

అన్నింటికంటె జటిలమైన ముడి ఆస్ట్రేలియాలో పడింది. ఒక మూడేళ్ల పాప చిలకలూరిపేట సమీపంలోని పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉన్నదనీ, తల్లిదండ్రులు మెల్‌బోర్న్‌లో ఉన్నారనీ ఊహించుకొందాం. పాప ఆ దేశ పౌరురాలైనా, అక్కడి పౌరుల లేదా శాశ్వత నివాసుల బిడ్డ అయినా ఆమె రాకకు చట్టరీత్యా అడ్డు లేదు. కాని ఐదేళ్లు నిండని బిడ్డను విమాన సంస్థలు సాధారణంగా ఒంటరిగా ఎక్కించుకోవు. అమ్మమ్మ వెంట వెళ్దామంటే, వయోజనుల తల్లిదండ్రులు ‘సమీప కుటుంబం’ అనే నిర్వచనంలో లేరు. ప్రత్యేక అనుమతి దొరికితే తప్ప ఆమెకు ప్రవేశం లేదు. తల్లి వచ్చి తీసుకొని పోదామంటే, ఆస్ట్రేలియా తన పౌరులూ శాశ్వత నివాసులూ దేశం విడిచి వెళ్లడంపై కూడా 2020 మార్చి చివరి వారంలోనే నిషేధం విధించింది. అనుమతి సంపాదించి వచ్చినా, రోజుకు ఇందరే దిగాలన్న పరిమితి వల్ల తిరుగు విమానంలో చోటు దొరకడం కష్టం. పాపను ఎవరూ వద్దనలేదు. పాప వెళ్లే దారి మాత్రం లేదు.

2021 ఏప్రిల్ మాసంలో రెండవ ఉద్ధృతి విరుచుకుపడింది. మే తొలి రోజులలో దేశంలో ఒకే రోజున నాలుగు లక్షలకు పైగా కేసులు నమోదైనాయి. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి పగటి కర్ఫ్యూ, తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్ అమలయ్యాయి. ఆస్ట్రేలియా భారత్ నుంచి వచ్చే విమానాలను ఏప్రిల్ 27న ఆపివేసింది. అంతటితో ఆగక, మే 3 నుంచి 15 వరకు భారత్ నుంచి వచ్చే తన పౌరులకే జైలు శిక్ష, జరిమానా తప్పవని ప్రకటించింది. తల్లిదండ్రుల తోడు లేకుండా భారతదేశంలో చిక్కుకొన్న ఆస్ట్రేలియా పిల్లలు 173 మంది ఉన్నారని అక్కడి విదేశాంగ శాఖ అధికారులు మే నెలలో సెనేట్ సంఘానికి తెలియజేశారు. వీరు దేశంలోని వివిధ ప్రాంతాలవారు. మే 15న డార్విన్ చేరిన తొలి విమానం ఢిల్లీ నుంచి బయలుదేరినప్పుడు, పరీక్షలలో వ్యాధి సోకినట్లు తేలినవారూ, వారి సన్నిహితులూ కలిపి సుమారు 70 మంది నేలపైనే మిగిలారు. వారికోసం ఉంచిన ఆసనాలు ఖాళీగా వెళ్లాయి. ఇంటిలో తాతకు వ్యాధి సోకితే మనుమరాలి ప్రయాణమూ ఆగిపోయే రోజులవి.

అదే కాలంలో అమెరికా ప్రదర్శించిన తీరులో కొంత మార్పు కానవస్తుంది. 2021 మే 4 నుంచి భారత్ నుంచి వచ్చే ప్రయాణికులపై ఆ దేశం ఆంక్ష విధించినా, పౌరుల, శాశ్వత నివాసుల పిల్లలకు తొలి ప్రకటనలోనే మినహాయింపు ఇచ్చింది.  ఆ ఏడాది నవంబరు 8న టీకా నిబంధన ఈ ఆంక్ష స్థానంలోకి వచ్చినప్పుడు కూడా 18 ఏళ్లలోపు వారిని మినహాయించారు. ఆస్ట్రేలియా నవంబరు 1 నుంచి టీకా పొందిన తన పౌరుల రాకపోకలను అనుమతించి, వారి తల్లిదండ్రులను ‘సమీప కుటుంబం’లో చేర్చింది. అమ్మమ్మ కుటుంబ సభ్యురాలేనని ఒప్పుకోవడానికి ఏడాదిన్నరకు పైగా పట్టింది. భారత్ నుంచి సాధారణ అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న తిరిగి మొదలైనాయి.

ఆంక్షలు సడలినా కాగితాల పరీక్ష ముగియదు. మైనరు పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల అంగీకార పత్రం కావాలి. వారు విదేశంలో ఉంటే ఆ పత్రాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించాలి. ఆ కార్యాలయమే మూతబడితే ఇక్కడి దరఖాస్తు ఆగిపోతుంది. మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంటిపేరు. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, తండ్రి పాస్‌పోర్టులో పూర్తిగా, తల్లి పాస్‌పోర్టులో ఆమె పుట్టింటి పేరుగా ఉండడం సర్వసాధారణం. ఊరంతటికీ తెలిసిన బంధుత్వం అధికారి బల్ల మీద సందేహమవుతుంది. సమయమున్నప్పుడు సరిదిద్దుకోగల ఈ చిన్న తేడా, విమానాలు అరుదైన వేళ నెలల ఆలస్యమవుతుంది.

బిడ్డను కన్నవారి చెంతకు చేర్చడానికి సాక్ష్యం కావలసి రావడం మన సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ ఆంధ్రీకరించిన ఆదిపర్వంలో శకుంతల కుమారుని వెంటబెట్టుకొని దుష్యంతుని రాజసభకు వెళుతుంది. తండ్రి ఎరుగనంటాడు. ఆమె మాట చాలదు. బిడ్డ ముఖమూ చాలదు. చివరకు ఆకాశవాణి పలికితే గాని భరతుడు తండ్రిని చేరలేదు. కాళిదాసు నాటకంలో ఉంగరం అభిజ్ఞానమైంది. నేటి బిడ్డకు జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా, వ్యాధి లేదన్న పరీక్షా పత్రం అభిజ్ఞానాలు. నాడు తండ్రి కాదన్నాడు, లోకం అవునన్నది. మహమ్మారి నాళ్లలో తండ్రి అవునని చేతులు చాచాడు; దారి మాత్రం తెరుచుకోలేదు. శకుంతలకు ఎదురుగా మాట్లాడడానికి ఒక రాజైనా ఉన్నాడు. ఈ తల్లులకు దరఖాస్తు సంఖ్య మాత్రమే మిగిలింది.

అయితే ఆంక్షలన్నింటినీ క్రూరత్వమని కొట్టివేయడం న్యాయం కాదు. టీకా లేని రోజులలో ప్రజల ప్రాణరక్షణకు రాకపోకలను తగ్గించడం ప్రభుత్వాల కర్తవ్యం. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసులు విదేశాల నుంచి తిరిగి వచ్చినవారిలోనే బయటపడ్డాయి. ఆలోచించవలసినది ఆంక్ష ఉండాలా వద్దా అన్నది కాదు. దానిని రాసేటప్పుడు మొదట ఎవరు గుర్తుకు రావాలన్నది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక దీనికి సమాధానం చెబుతుంది. పిల్లలకు సంబంధించిన నిర్ణయాలలో వారి సర్వోత్తమ ప్రయోజనానికి ప్రాధాన్యం ఉండాలనీ, కుటుంబాన్ని చేరడానికి వచ్చే దరఖాస్తులను మానవీయంగా, సత్వరంగా పరిష్కరించాలనీ అది నిర్దేశిస్తుంది. భారతదేశం 1992లో ఈ ఒడంబడికలో చేరింది. ఆస్ట్రేలియా 1990లోనే ఆమోదించింది. అమెరికా సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు.

కార్యాలయాలకు రెండేళ్లు రెండు ఆర్థిక సంవత్సరాలు. మూడేళ్ల బిడ్డకు రెండేళ్లు జీవితంలో అధిక భాగం. ఆ కాలంలో మాటలు వస్తాయి; ‘అమ్మ’ అన్న పిలుపు ఎవరిదో స్థిరపడుతుంది. ఫోను తెరలో కనిపించే స్త్రీని అమ్మ అనుమని అమ్మమ్మ నేర్పవలసి రావడం ఈ ఎడబాటులోని అసలు దుఃఖం. తరువాత దారులు తెరుచుకొన్నప్పుడు, పెంచిన చేతులను విడిచి కన్న చేతులను చేరడం అట్టి బిడ్డకు రెండవ ఎడబాటు. మొదటిదానికి ఉత్తర్వు కారణం. రెండవదానికి ప్రేమ కారణం.

అత్యవసర పరిస్థితులు మళ్లీ రాకపోవని ఎవరూ హామీ ఇవ్వలేరు. పిల్లల పేర్లు, తేదీలు అన్ని పత్రాలలో ఒకే తీరుగా ఉండేటట్లు చూసుకోవడం, పాస్‌పోర్టు గడువు తీరకముందే పునరుద్ధరించుకోవడం, పెంపకం బాధ్యత వహించే పెద్దల పేర రాతపూర్వకమైన అధికారమివ్వడం కుటుంబాలు చేయగల పనులు. రాయబోయే ఉత్తర్వు తొలి వాక్యాలలోనే పసిబిడ్డను, ఆ బిడ్డ వేలు పట్టుకొని నడిచే పెద్దను తలచుకోవడం ప్రభుత్వాలు చేయవలసిన పని. సవరణ వచ్చేలోగా ఉత్తర్వులోని వాక్యం మారదు. బిడ్డ మాత్రం ఎదిగిపోతుంది.

కఠిన పదాలకు అర్థాలు

కడలి = సముద్రం
దేశాంతర వాసం = వేరొక దేశంలో నివసించడం
పరీవాహక ప్రాంతం = నది పారే పరిసర భూమి
టిక్కీ = మిరపకాయలు నింపిన బస్తా
పొలిమేర = సరిహద్దు
వైపరీత్యం = విపరీత స్థితి
సడలింపు = కట్టుబాటును వదులు చేయడం
జటిలం = చిక్కుపడినది
అభిజ్ఞానం = గుర్తు, ఆనవాలు
ఒడంబడిక = ఒప్పందం
సత్వరం = త్వరగా

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. తొలి ఉత్తర్వులో లేని పిల్లవాడు సవరణలో కనిపించాడన్న అభిప్రాయాన్ని పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి.
2. ఆస్ట్రేలియా నిబంధనల వల్ల పసిపిల్లల ప్రయాణానికి ఏర్పడిన చిక్కులను వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో పసిబిడ్డలను తాతల వద్ద ఉంచడానికి కారణాలేవి?
2. శకుంతల కథకూ, నేటి పిల్లల స్థితికీ గల పోలికను, భేదాన్ని తెలపండి.
3. బాలల హక్కుల ఒడంబడిక కుటుంబాల కలయికను గురించి ఏమని నిర్దేశిస్తున్నది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘వందే భారత్ మిషన్’ ఎప్పుడు ప్రారంభమైంది?
2. అమెరికా వలస చట్టం ప్రకారం ‘బిడ్డ’ అనగా ఎవరు?
3. తల్లిదండ్రుల తోడు లేక భారతదేశంలో చిక్కుకొన్న ఆస్ట్రేలియా పిల్లలు ఎందరు?

IV. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. తల్లి ఒడిలోని బిడ్డ తల్లికి పరదేశీయుడైనాడు.
2. మొదటిదానికి ఉత్తర్వు కారణం. రెండవదానికి ప్రేమ కారణం.

V. భాషాంశాలు

సంధులు
దేశాంతరం = దేశ + అంతరం – సవర్ణదీర్ఘ సంధి
సర్వోత్తమ = సర్వ + ఉత్తమ – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
కడలికావల = కడలికి + ఆవల – ఇత్వసంధి

సమాసాలు
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
నాలుగు దిక్కులు – నాలుగు సంఖ్య గల దిక్కులు – ద్విగు సమాసం
రాజసభ – రాజు యొక్క సభ – షష్ఠీ తత్పురుష సమాసం